సువార్తరాజు గారి నిపుణుల పుస్తకం

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి నేను కుక్కర్ పెట్టేదాన్ని. ఆయన అప్పటికే టీవీ ముందు ఉండేవారు. సోఫా ఉన్నా స్టూలు మీదే కూర్చునేవారు. సోఫాలో కూర్చుంటే వినడం పోయి నిద్రొస్తుందట. ఒళ్ళో నోటుబుక్కు, చెవి మీద పెన్ను. కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఆడపిల్లలు పడుకుని ఉంటారని గొంతు బాగా తగ్గించి, తెర దగ్గరికి వంగి వినేవారు. మంచం మీది రోగి ఏదో గొణుగుతుంటే వంగి వినే మనిషిలా ఉండేవారు. ఐదున్నరకి బయట కారు హారన్ ఒకసారి చిన్నగా మోగేది. నేను మూడు గిన్నెల క్యారియర్ చేతికిచ్చేదాన్ని.

ఇప్పుడూ నాలుగున్నరకే మెలకువ వస్తుంది. కుక్కర్ పెట్టను. టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. స్టూలు కిటికీ దగ్గరికి జరుపుకుని 401 హైవే మీద పోయే లారీల లైట్లు చూస్తూ కూర్చుంటాను. అప్పట్లో అవి దండ గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి పోయేవి. ఇప్పుడు మధ్యమధ్య చీకటి ఉంటోంది.

మా ఆయన పేరు సువార్తరాజు. భూస్థాపన రోజున ఆయన జీవిత సంగ్రహం అర పేజీ చదివారు. పాలకొల్లు దగ్గర పుట్టారు, పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నారు, విశాఖపట్నంలో ఫిట్టరుగా, బహ్రెయిన్‌లో వెల్డరుగా, కెనడాలో ఈ కేంబ్రిడ్జ్ ఊళ్ళో పదిహేనేళ్ళు ప్రెస్ ఆపరేటరుగా పనిచేశారు, భార్య రూపవతి, కూతురు హోప్. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆయనా లేరు. ఏడాది జ్ఞాపక కూడికలో మళ్ళీ అదే చదువుతామంటే వద్దన్నాను, నేను రాసిస్తానన్నాను. నా చదువు ఏడో తరగతి. తప్పులుంటే అబిగేల్ దిద్దుతుంది. అబిగేల్ మా బేస్‌మెంట్‌లో ఉండే నలుగురు స్టూడెంట్లలో పెద్దపిల్ల.

మా మామగారు సైకిల్ మీద ఊరూరా తిరిగి బైబిళ్ళు అమ్మేవారు. ఆయనకో ప్రార్థన పుస్తకం ఉండేది. పేజీని నిలువునా మడిచి ఎడమవైపు విన్నపం, కుడివైపు జవాబు. జవాబు వచ్చిన రోజు తేదీ వేసి "నెరవేరింది" అని రాసేవారు. లేదని తేలిపోతే "నెరవేరలేదు" అనీ రాసేవారు, దాచేవారు కాదు. ఏదీ తేలకపోతే ఖాళీగా వదిలేసేవారు. ఖాళీ అంటే దేవుడింకా నోరు విప్పలేదని అర్థం, దాన్ని కొట్టేసే హక్కు మనకి లేదని చెప్పేవారు. చూపు మందగించాక కొడుకు చేత రాయించుకునేవారు. ప్రార్థన అయ్యాక పేపరు కూడా చదివించుకునేవారు, మొదటి హెడ్డింగు నుంచి చివరి ప్రకటన దాకా. మా ఆయనకి ఆ రెండు అలవాట్లూ అక్కడే అంటుకున్నాయి.

ఇక్కడ ఆయన పని కారు సీటు కింద ఉండే ఇనప బ్రాకెట్లు కొట్టడం. రేకు పెడతారు, ప్రెస్ పడుతుంది, బ్రాకెట్ వస్తుంది. అవి లారీలెక్కి వంతెన దాటి అమెరికాలోని డెట్రాయిట్ వైపు పోతాయి. "మన అన్నం గిన్నె అమెరికా కారు సీటు కింద ఉంది రూపా, ఆ కారు ఆగితే గిన్నె ఆగుతుంది" అనేవారు. అప్పుడు నవ్వేదాన్ని.

రెండువేల ఇరవై రెండు నుంచి స్టూడెంట్లు రావడం మొదలైంది. రావడమంటే గోదావరికి వరదొచ్చినట్టే. మా తెలుగు ఫెలోషిప్‌లో పదకొండు కుటుంబాలం ఉండేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి శుక్రవారం కూడికకి అరవై మంది. మా గుమ్మంలో చెప్పులూ బూట్లూ మెట్ల దాకా గుట్ట పడేవి. చలికాలంలో తడి బూట్లు మారిపోయి ఒకరివి ఒకరు వేసుకుపోయేవారు. ఆ నవ్వులు ఇరవై నాలుగు జనవరితో తగ్గాయి. ఇకమీదట ఏడాదికి ఇంతమంది స్టూడెంట్లనే రానిస్తామని గవర్నమెంటు చెప్పింది. వర్క్ పర్మిట్ రూల్సు నెలకోటి మారాయి. పిల్లలు కూడిక అయ్యాక ఫోన్లు చూసుకుంటూ మాట్లాడకుండా కూర్చునేవారు. అదే సంవత్సరం అమెరికాలో అధ్యక్ష ఎన్నిక.

ఆ ఎండాకాలంలో ఆయన కొత్త నోటుబుక్కు కొన్నారు. పేజీని నిలువునా మడిచారు. ఎడమవైపు నిపుణుడి పేరు, తేదీ, ఆ నిపుణుడు చెప్పిన మాట. కుడివైపు ఖాళీ.

"ఇదేంటండీ, టీవీ వాళ్ళ మాటలకి ప్రార్థన పుస్తకమా?" అన్నాను.

"దేవుడి జవాబుకే తేదీ వేసి రాసుకుంటాం. వీళ్ళనెందుకు ఊరికే వదలాలి?" అన్నారు.

ఇంగ్లీషు పేర్లు తెలుగులో రాయడం కుదరక ఒక్కొక్కరికీ ఓ పేరు పెట్టారు. టై లేని ప్రొఫెసరు వ్యాపారం సంగతి చెప్పేవాడు. సరిహద్దు దాటే ప్రతి వస్తువు మీదా సుంకం పడుతుంది, ఎవరు గెలిచినా గోడ లేస్తుంది, ఎత్తులోనే తేడా అనేవాడు. సరిహద్దు లాయరు పర్మిట్ల సంగతి చెప్పేవాడు. అక్కడ తలుపు మూస్తే ఆ విసురుకి ఇక్కడి తలుపు కూడా మూసుకుంటుందట. పటం పంతులు గాజు మీది పటాన్ని వేలితో తాకి, ఎటు పోతాయో తేలని ఏడు రాష్ట్రాలకి రంగులు మార్చేవాడు. వెండి జుట్టమ్మ చరిత్ర చదువుకున్న మనిషి. ఆవిడ అందరికంటే నెమ్మదిగా మాట్లాడేది. "ఎవరు గెలుస్తారన్నది కాదు, ఓడినవాళ్ళు ఓడామని ఒప్పుకుంటారా లేదా, అసలు పణం అదే" అందట ఒకరోజు. ఆ మాట రాసుకుని ఆయన చాలాసేపు పెన్ను మూత పెట్టలేదు.

కారు తెచ్చే విశ్వేశ్వరరావు గారిది హన్మకొండ. అదే ప్లాంటులో పక్క లైను. చలిలో ఇంజను ఆపకుండా దిగి గుమ్మంలోంచి కేకేసేవారు.

"వదినమ్మా, మా అన్న టీవీ పూజ అయిందా? రాజన్నా, ఏమంటున్నరు నీ పండితులు ఇయ్యాల?"

"ఒకడు ఓడ మునుగుతుందన్నాడు. ఇంకోడు మునగదు, కొట్టుకుపోతుందన్నాడు."

"గంతే గదా! ఈత నేర్చుకుందాం తియ్యి."

"నీకొచ్చా ఈత?"

"వడ్డేపల్లి చెరువుల నేర్చిన. నీళ్ళు తక్కువుండె, అందుకే మునగలే."

హాలిఫాక్స్‌లో నర్సుగా చేస్తున్న మా హోప్ ఫోన్ చేస్తే దానికీ ఇదే గోల. "డాడీ, యూ కాంట్ ఈవెన్ వోట్ దేర్!" అని నవ్వేది. "ఓటున్నోడికి ఒక్కరోజే భయం తల్లీ, ఓటు లేనోడికి ఏడాదంతా భయం" అనేవారు. ఆ మాట ఎవరో నిపుణుడిది అనుకున్నాను. పుస్తకంలో మొన్న వెతికాను, లేదు. ఆయనదే.

మే నెలలో ఒక సాయంత్రం బియ్యం సంచి మోసుకుని బేస్‌మెంట్ మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయారు. సంచి మెట్టు మీద పెట్టి, గోడకి చెయ్యి ఆనించి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు నిలబడ్డారు. ఆ చెమట చూసి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు చూసి గుండె పరీక్షకి రాశారు. నడిచే బెల్టు మీద నడిపించి చూస్తారట. వరసలో అక్టోబరు ఇరవై నాలుగున, గురువారం, మాకు తేదీ వచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాను. అప్పటి నుంచి ప్రతి ఉదయం పాల కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా దాన్ని చూశాను.

సెప్టెంబరు నుంచి ప్లాంటులో పని విపరీతం అయింది. అవతల కార్ల కంపెనీలు ఎన్నిక ఎటు పోతుందో అని, సుంకం పడకముందే సరుకంతా అటు తెప్పించుకుంటున్నాయట. టై లేని ప్రొఫెసరు చెప్పిందీ అదే. శనివారాలు కూడా రమ్మన్నారు. ఇష్టమున్నవాళ్ళే రావచ్చన్నారు, ఎవరినీ బలవంతపెట్టలేదు. ఈయన అన్నిటికీ పేరిచ్చారు. దిండ్లు మూడు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టారు. అడిగితే ప్రెస్ శబ్దం చెవుల్లో ఉంటోంది, తల ఎత్తుగా ఉంటే తగ్గుతుందనేవారు.

మా శుక్రవారం కూడికలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో కుటుంబం ప్రార్థన అంశం చీటీ మీద రాసి బుట్టలో వేస్తుంది. చదివి అందరం మోకరిస్తాం. చీటీలో పడిందంటే అది అందరిదీ. మర్నాటి నుంచి ఎదురైన ప్రతివారూ అడుగుతారు, ఫోన్లు చేస్తారు, అన్నం పంపిస్తారు. అక్టోబరు పద్దెనిమిదిన చీటీ నేనే రాయబోయాను. "నా భర్త గుండె..." దాకా వచ్చింది. ఆయన నా చెయ్యి మీద చెయ్యి పెట్టారు.

"అది రాయకు."

"ఎందుకని? వచ్చే గురువారమేగా పరీక్ష."

"మన కూడికలో ప్లాంటు పిల్లలు తొమ్మిదిమంది ఉన్నారు. రేపు పొద్దున్నకి లైను మొత్తం తెలుస్తుంది. ఎన్నిక అయ్యాక మనుషుల్ని తగ్గించే లిస్టు రాస్తారు రూపా. గుండె బాగోలేదన్నవాడి పేరు ఎక్కడ రాస్తారు?"

"అలా అని సూపర్‌వైజరు అన్నాడా?"

"అనలేదు. అనరు. నిపుణులంతా చెబుతున్నది కలిపి చూడు, నీకే తెలుస్తుంది. ఎన్నిక రాయి. అది అందరిదీనూ."

నేను ఆ చీటీ చింపేసి ఇంకోటి తీసుకుని "అమెరికా దేశపు ఎన్నిక కొరకు" అని రాశాను. నా చేత్తోనే రాశాను. అరవై మంది మోకాళ్ళ మీద పడి, ఎరగని దేశపు ఎన్నిక కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. ఆ పిల్లల ఏడుపు నిజమైనదే, వాళ్ళకి వాళ్ళ పర్మిట్లు ఉన్నాయి. వాళ్ళ మధ్యన ఆయన సోఫా అంచు పట్టుకుని మోకరించి ఉన్నారు. అందరూ "ఆమేన్" అని లేచాక, ఇంకా ప్రార్థన చేస్తున్నట్టు అక్కడే ఉండిపోయారు. లేవలేకపోయారని నాకొక్కదానికే తెలుసు.

సోమవారం పని నుంచి వచ్చాక అబిగేల్‌ని పైకి పిలిచారు.

"అమ్మా, హాస్పిటల్‌కి ఓ ఫోన్ చేసిపెట్టు. గురువారం కుదరదు, ఎన్నిక అయ్యాక ఎప్పుడైనా ఇమ్మను. నువ్వైతే ఇంగ్లీషు బాగా మాట్లాడతావు."

అబిగేల్ ముసలివాళ్ళని చూసుకునే కోర్సు చదువుతోంది. దానికి అర్థమైంది. "అంకుల్, వద్దండీ. మా క్లాసులో చెప్పారు, ఇలాంటివి వాయిదా వేయకూడదు. నేను మీతో వస్తానంకుల్, బస్‌లో వెళ్ళొచ్చేద్దాం."

"రెండు వారాలేనమ్మా. ఈ రెండు వారాల్లో లీవు పెట్టినవాడు ఎవడని తర్వాత వెతుకుతారు."

అది నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు తిరిగి కుక్కర్ పెట్టాను. ఫోన్ చేసింది. నవంబరు పద్నాలుగు ఇచ్చారు. ఆయన ఫ్రిజ్ మీది కాగితం మీద పాత తేదీ కొట్టేసి కొత్తది వేశారు. కొట్టేసిన గీత చూడగానే నాలో ఏదో తెగింది. అబిగేల్ మెట్లు దిగిందో లేదో, నా నోట్లోంచి రాకూడని మాట వచ్చేసింది.

"ఎన్నికకి ముందు ఆ పరీక్ష చేయించుకోకపోతే, ఎవరు గెలిచారో వినడానికి మీరుండరు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో అలాంటి మాట అనలేదు. కుక్కర్ మూడో కూత వేసింది. ఆయనే నవ్వారు.

"అబ్బో! మన ఇంట్లోనే ఓ నిపుణురాలు బయల్దేరింది. ఇన్నాళ్ళూ వంటింట్లో దాక్కుందేమో."

చెవి మీది పెన్ను తీశారు. వేళాకోళమనుకున్నాను. అన్నం వడ్డించడానికి వెళ్ళిపోయాను.

నవంబరు మూడు ఆదివారం గడియారాలు గంట వెనక్కి పెట్టే రోజు. ఇంట్లో గడియారాలన్నీ ఆయనే కుర్చీ ఎక్కి తిప్పేవారు. ఆ రోజు కుర్చీ ఎక్కలేదు, గడియారం కిందకి దించి ఇమ్మన్నారు. "ఓ గంట ఎక్కువ దొరికింది రూపా, ఊరికే" అన్నారు. ఆ గంటా టీవీ ముందే కూర్చున్నారు. తెరంతా ఆ రెండు పార్టీల ఎరుపూ నీలమూ. నిపుణులు కూడా అలిసిపోయినట్టున్నారు, ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు. ఆయన ఏమీ రాయలేదు. వెండి జుట్టమ్మ ఒక్కతే ఊరుకుని అందరి వంకా చూస్తోంది. "చూశావా, ఈవిడకి తెలుసు" అన్నారు. ఏం తెలుసని అడగలేదు.

సోమవారం నాలుగో తేదీ. బెండకాయ వేపుడు, పప్పు, పెరుగన్నం పెట్టిచ్చాను. మధ్యాహ్నం కాకుండానే బయట కారు ఆగింది. హారన్ మోగలేదు. తలుపు తీస్తే విశ్వేశ్వరరావు గారు. చేతిలో మా క్యారియర్.

"వదినమ్మా, కోటు ఏస్కో."

క్యారియర్ అందుకున్నాను. బరువుగా ఉంది. తెరవలేదన్నమాట. ఆ బరువుతోనే నాకు సగం తెలిసింది. మిగతా సగం కారులో చెప్పలేక ఆయన దారంతా వైపర్లు వేస్తూ ఆపుతూ ఉన్నారు. వాన లేదు. తిండి బ్రేక్ గంట మోగకముందే మా ఆయన ప్రెస్ పక్కన కూర్చుండిపోయారట. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది.

మర్నాడు ఎన్నిక. హోప్ మొదటి విమానానికి వచ్చి నా పక్కన కూర్చుంది. అది కూడా తెలుగులోనే ఏడ్చింది. ఇల్లంతా జనం. సాయంత్రమయ్యేసరికి వచ్చినవాళ్ళ ఫోన్లు జేబుల్లో వణకడం మొదలుపెట్టాయి. నా చెయ్యి పట్టుకున్న చెయ్యి ఒకటి, ఫోన్ చూసుకునే చెయ్యి ఒకటి. నేను తప్పు పట్టలేదు, వాళ్ళ బతుకులూ అందులో ఉన్నాయి. ఎవరో ముందు గదిలో టీవీ పెట్టారు, ఎవరో వెంటనే ఆపేశారు. ఎవరు గెలిచారో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. వినడానికి ఉండాల్సిన మనిషి లేరు.

తర్వాతవి ఒక్కొక్కటీ వచ్చాయి. ఆ నెలాఖరుకే పాతిక శాతం సుంకం అన్న మాట వచ్చింది. వసంతానికి ప్లాంటులో ఒక షిఫ్టు తీసేశారు. లిస్టులో విశ్వేశ్వరరావు గారి పేరుంది. ఆయన ఒక్కరోజూ సెలవు పెట్టని మనిషి. లీవు పెట్టినవాళ్ళెవరని ఎవరూ వెతకలేదు, లైను లైనే తీసేశారు. మా ఆయన నిపుణులందరి మాటా కలిపి చూశాననుకున్నారు. ఆ కలపడంలోనే పొరపాటు జరిగింది. స్టూడెంట్లలో సగం మంది పర్మిట్లు అయిపోయి వెళ్ళిపోయారు. కొందరు ఎక్కడికి వెళ్ళారో చెప్పకుండా వెళ్ళారు. శుక్రవారం మా గుమ్మంలో చెప్పులు ఇప్పుడు ఒక వరసే.

మొన్న శనివారం అబిగేల్ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. దాని పర్మిట్ మార్చితో అయిపోతుంది.

"ఆంటీ, కూడికలో ఇది అందరికీ చూపిద్దామండీ. కుడివైపంతా ఖాళీగా ఉంది. నేను న్యూస్ చూసి చెబుతాను, మీరు రాయండి. అంకుల్ ఉంటే రాసేవారు కదా."

ఆయన పోయాక ఆ పుస్తకం తెరవడం అదే మొదటిసారి. కూర్చున్నాం. అది చదివి తేదీ చెప్పేది, నేను రాసేదాన్ని. టై లేని ప్రొఫెసరు, సుంకం: నెరవేరింది. ప్రొఫెసరే, ఎండాకాలంలోపు ప్లాంట్లన్నీ మూతపడతాయని: నెరవేరలేదు. పటం పంతులు, ఫలితం తేలడానికి వారం పడుతుందని: నెరవేరలేదు. సరిహద్దు లాయరు, తలుపు: అబిగేల్ ఫోన్ బోర్లా పెట్టింది. "నెరవేరిందని రాయండి ఆంటీ" అంది. వెండి జుట్టమ్మ మాట దగ్గర ఇద్దరం ఆగాం. ఓడినవాళ్ళు ఈసారికి ఒప్పుకున్నారు, ముందు ముందు సంగతి తెలియదని అది చెబితే, అలాగే రాశాను. ఆయన ఉంటే ఆ జవాబుకి ఒప్పుకునేవారు కాదేమో.

అలా ఆఖరి పేజీకి వచ్చాం. అబిగేల్ చదవబోయి ఆగిపోయింది. పుస్తకం నా వైపు తిప్పింది.

ఆయన చేతిరాతే. మిగతావాటి కంటే కుదురుగా, బడిపిల్లాడు రాసినట్టు ఉంది. "అక్టోబరు 21. రూపవతి: ఎన్నికకి ముందు పరీక్ష చేయించుకోకపోతే, ఎవరు గెలిచారో వినడానికి ఉండరు."

ఎదురుగా కుడివైపు ఖాళీ. ఆయన మడిచిన మడత అలాగే ఉంది.

"ఆంటీ," అంది అబిగేల్, "ఇది నేను రాయనా?"

"వద్దమ్మా."

పెన్ను మూత పెట్టి పుస్తకం మూశాను. ఆ పుస్తకంలో అదొక్కటే నాకు ఎవరూ చదివి చెప్పనవసరం లేనిది. తేదీ తెలుసు, మాటా తెలుసు. శుక్రవారం కూడికలో అందరి చేతులూ మారుతుంది ఆ పుస్తకం, ఆ పేజీ దగ్గర ఎవరైనా అడుగుతారు, పూర్తి చేయలేదేమని. చేయలేదు. చేయను.